ఖడ్గపరీక్ష

హైదరాబాదునందలి సాలార్‌జంగు ప్రదర్శనశాలలో జపానుదేశపు కళావస్తువుల నడుమ సమురాయి వీరుల ఖడ్గములు కలవు. పొడవైనదానిని కటానా యనియు, పొట్టిదానిని వాకిజాషి యనియు వ్యవహరింతురు. ఈ రెంటిని జంటగా నడుమున ధరించుట ఆ వీరవర్గమునకు ప్రత్యేకమైన హక్కు. ఆ ప్రదర్శనశాలకు మూలమైన సంపదలో అధికభాగమును కూర్చినవాడు మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1949లో గతింపగా, 1951 డిసెంబరు 16వ తేదీన ఆ సంపద ప్రజల దర్శనమునకు తెరువబడినది.

ఇట్టి కత్తిని చూచినప్పుడు సామాన్యునకు తోచు ప్రశ్నలు రెండు: ఇది యెందరిని చంపినది? దీని వెల యెంత? జపానుదేశపు పరీక్షకుడు ఈ రెంటిలో దేనిని ముందుగా నడుగడు. దీనిని చేసినవాడెవడు, ఎట్లు చేసెను అని యడుగును. ఆ ప్రశ్న నడుగువారుండుటచేతనే యచ్చట ఖడ్గకారుల పేరులు నిలిచినవి. మనలో నడుగువారు లేకపోవుటచే మన ఉక్కుపనివారు పేరులేనివారైరి.

ఆ పరీక్షాక్రమమును కొంత వివరింతును. మొదట పిడికి బిగించిన వెదురుచీలను తీసి, అలుగును వేరుచేయుదురు. దాని పొడవు, వంపు, కొన యొక్క తీరు చూచి కాలమును ఊహింతురు. పిదప వెలుతురున కెదురుగా పట్టి ఉక్కుపొరను పరిశీలింతురు. ఇసుకరూపముననున్న ఇనుపఖనిజమును బొగ్గుతో కూర్చి, పెద్ద మట్టికొలిమిలో మూడు రాత్రులు మూడు పగళ్లు కరగించి తీసిన ఉక్కును పలుమారులు మడచి సమ్మెటతో సాగగొట్టుటచే, అలుగుపై కొయ్యచారలవంటి పొరలు కానవచ్చును. తరువాత వాదర. అలుగునకు మట్టిపూత పూయునప్పుడు వీపున మందముగను, వాదరవెంట పలుచగను పూసి, ఎఱ్ఱగా కాల్చి నీట ముంచుదురు. పలుచని పూతగల వాదర త్వరగా చల్లారి మిక్కిలి గట్టిపడును. వీపు మెత్తనై దెబ్బకు తాళును. ఈ రెంటి సరిహద్దున పొగమంచువంటి తెల్లని రేఖ యేర్పడును. ఆ రేఖ యొక్కొక్క పనివాని చేతిలో నొక్కొక్క తీరున నడచును.

కడపట చూడదగినది పిడిలో దాగియుండు భాగము. దానిని మెఱుగుపెట్టరు. దాని త్రుప్పు యొక్క రంగే వయస్సునకు సాక్ష్యము. దానిపైననే పనివాడు తన పేరు చెక్కును. కాని పేరొక్కటే నమ్మదగినది కాదు. ప్రసిద్ధుల పేరులను దొంగతనముగా చెక్కినవారు పెక్కురు. పొడవైన కత్తులను మొదలికడ తగ్గించుటచే నిజమైన పేరు పోయినవియు ననేకములు. అందువలన పరీక్షాగోష్ఠులలో ఆ భాగమును కప్పియుంచి, అలుగును మాత్రమే చూపి, కర్త యెవడో చెప్పుమందురు. కులగోత్రములు వినకముందే పని చూచి మనుష్యుని నిర్ణయించు ఈ పద్ధతి మన గృహములందును సభలందును అలవడినచో నెంత మేలు!

ఈ విద్యలో హోనామీ వంశమువారు తరతరములుగా ప్రసిద్ధులు. వారు తమ నిర్ణయమును మడచిన కాగితముపై వ్రాసి యిచ్చెడివారు. 1719లో షోగును యోషిమునే యాజ్ఞచే ప్రఖ్యాతఖడ్గముల పట్టికనొకదానిని సిద్ధపరచిరి. అలుగునకే కాదు, చేతిని కాపాడు లోహపుబిళ్లకును, పిడిపై నమర్చు చిన్న బొమ్మలకును ఇట్టి పరీక్షయే కలదు. రాగిలో కొలదిపాటి బంగారము కలిపి, రసములలో నుడికించి తుమ్మెదరెక్కవంటి నలుపు తెప్పించుట వారి నేర్పు. 1876లో ఖడ్గధారణము నిషిద్ధము కాగా, ఆ పనివారనేకులు పూలకూజాలు, నగలు మున్నగువాని వైపు మరలిరి. ఆ బిళ్లలు విడివిడిగా ఐరోపా సేకర్తల చేతులలో పడినవి. 1945లో జపాను ఓడినపిమ్మట విజేతలు ఆయుధములనెల్ల రాబట్టునప్పుడు, కళాఖండములైన ఖడ్గములనైన విడువుడని యచ్చటి పండితులు వాదించి కొన్నింటిని దక్కించిరి. 1948లో వాని రక్షణకై యొక సంఘము నేర్పరచిరి. 1977లో ఆ సంఘమే పాత పద్ధతి కొలిమిని మరల వెలిగించినది. ఆ దేశమున ఖడ్గారాధనము యుద్ధోన్మాదమునకు తోడ్పడిన కాలమును కలదు. మనము గ్రహింపవలసినది ఆ యారాధనము కాదు, ఆ పరీక్ష.

మనకు ఖడ్గపరీక్ష లేకపోలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గలక్షణమునకొక యధ్యాయమునే కేటాయించెను. ఏబది యంగుళముల ఖడ్గ ముత్తమమనియు, ఇరువదియైదంగుళములది యధమమనియు చెప్పెను. పదును పెట్టుటకు తగిన ద్రవములను పేర్కొనెను. కాని అలుగుపై మచ్చ యేయంగుళమున నున్న నేమి ఫలమో చెప్పుటకే యెక్కువ శ్రద్ధ చూపెను. పరీక్ష శకునశాస్త్రమైనది, పనివాని మాట యందు చోటుచేసికొనలేదు.

ఆ పనివాడు సామాన్యుడా? పదునేడవ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, నీటిచారలు తేలు కత్తులకు తగిన ఉక్కు గోలకొండ రాజ్యమునుండి పోవుచున్నదని వ్రాసెను. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున ఉక్కు చేయు విధమును వాయిసీ యను ఆంగ్ల వైద్యుడు కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో అచ్చైనది. రెండు తావుల ఇనుమును కలిపి, మట్టిమూసలలో పెట్టి కరగించి ఉక్కుముద్దలు తీసెడివారు. వానిని కొనుటకు పారసీకమునందలి ఇస్పహానునుండి వర్తకులు వచ్చెడివారు. మన ‘ఉక్కు’ అను మాటయే ఐరోపావారి నోట ‘ఊట్జు’ ఐనదని పలువురు పండితుల మతము. 1795లో పియర్సనును, తరువాత ఫారడేయును ఈ ఉక్కు మర్మమును శోధించిరి. 2010లో ఉత్తర తెలంగాణమున జరిగిన పరిశోధనలో ఇనుపచిట్టెపు దిబ్బలును, మూసల ముక్కలును పెక్కుచోట్ల నమోదైనవి.

పారసీకపు కత్తులపై ఇస్పహాను కమ్మరి అసదుల్లా పేరు విరివిగా కనబడును. వానిలో చాలవరకు తరువాతివారు చెక్కినవే. అట్టి అలుగులకు ఉక్కు నందించిన తెలుగువాని పేరు దొంగముద్రగానైన నెచ్చటను లేదు. ఆ పరిశ్రమ నశించుటకు విదేశపు చౌకయుక్కు, అడవుల క్షయము, రాజ్యముల మార్పు మున్నగు కారణములు చెప్పుదురు. కాని జ్ఞాపకము కూడ నశించుటకు కారణము మనమే. దసరాపండుగనాడు ఆయుధమునకు కుంకుమ పెట్టితిమి. దానిని చేసిన కమ్మరిని గడపకవతల నిలిపితిమి. అక్షరము వానికి అందనీయక, వాడు వ్రాసియుంచలేదని యనుట న్యాయమా?

ఇప్పుడైనను చేయదగినది కొంత కలదు. జగదేవ్‌పూర్ వంటి గ్రామములలో సహితము ఏ పాతయింటి అటుకపైననో పెద్దలనాటి కత్తి యుండవచ్చును. దానిని పండుగకని ఇటుకపొడితోను చింతపండుతోను తోమరాదు. తోమినచో చారలును, అక్షరములును, వయస్సునకు సాక్ష్యమైన రంగును ఒక్కపూటలో పోవును. పొడిగుడ్డతో తుడిచి, కొలతలు వ్రాసి, ఎవరినుండి వచ్చినదో పెద్దలనడిగి కాగితమున పెట్టవలెను. ఇనుపతుక్కు వానికి తూకమున కమ్మరాదు. నూరేండ్లు దాటిన ఇట్టి వస్తువులను దేశము దాటింపరాదని 1972 నాటి పురావస్తు చట్టము నిషేధించుచున్నది.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఊరి కమ్మరి వృద్ధుని పిలిచి కూర్చుండబెట్టి, తాత తండ్రుల పేరులు, కొలిమి యుండిన చోటు, ఇనుము వచ్చిన గుట్ట యడిగి వ్రాసికొనవలెను. బడిలో చదువుకొన్న బాలుడో బాలికయో ఒక్క సాయంకాలమున ఈ పని చేయగలరు.