మిలిటరీ వేలం ట్రక్కు: రిపేరు, విడిభాగాలు, కాగితాలు.. తెలుసుకోవాల్సినవన్నీ

ఆర్మీ వాడి తీసేసిన ట్రక్కు వేలంలో కొత్త బండితో పోలిస్తే చాలా తక్కువకి వస్తుంది. నీళ్ల ట్యాంకరుకో, కంకర తోలడానికో, క్రేన్ బిగించుకోవడానికో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు డబ్బు పోగేసి ఇలాంటి బండి తీసుకుందామని అనుకోవడం మన ఇళ్లలో మామూలే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సొంతంగా ఏదైనా పెట్టుకుందామనుకునేవాళ్ల చూపు కూడా వీటి మీద పడుతుంది.

కానీ బండి ధర వేరు, బండి ఖర్చు వేరు. చవగ్గా వచ్చిన ట్రక్కు ఒక్క గేరు దొరక్క ఆరు నెలలు షెడ్డులో నిలబడితే అది చవక బేరం కాదు. అందుకే పాట పాడే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ బండికి పార్టులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఏయే బండ్లు బయటికి వస్తాయి?

శక్తిమాన్: జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైంది. ముందుకి పొడుచుకొచ్చిన బానెట్‌తో ఉంటుంది. 1996లో తయారీ ఆగిపోయింది. అంటే ఇప్పుడు దొరికే ఏ శక్తిమాన్ అయినా పాతికేళ్లు దాటిందే.

నిస్సాన్ వన్ టన్, జోంగా: ఇవి జపాన్ నిస్సాన్ డిజైన్లు. వీటినీ జబల్‌పూర్‌లోనే తయారు చేశారు. 'జోంగా' అన్న పేరు జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల నుంచి వచ్చింది. ఆర్మీకి వచ్చినవి పెట్రోలు ఇంజిన్లతో వచ్చాయి. బయట చాలామంది వాటిని తీసి డీజిల్ ఇంజిన్ బిగించుకున్నారు.

అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ 713: శక్తిమాన్ స్థానంలో వచ్చిన బండ్లు ఇవి. ఈ రెండు కంపెనీలూ మార్కెట్లో మామూలు లారీలు కూడా అమ్ముతాయి కాబట్టి ఇంజిన్ వైపు సామాను చాలావరకు దొరుకుతుంది. ముందు యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేసు మాత్రం మామూలు లారీల్లో ఉండేవి కావు.

శక్తిమాన్ తయారైన వెహికల్ ఫ్యాక్టరీ జబల్‌పూర్ 2021 అక్టోబరు 1 నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కింద ఉంది. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కూడా అదే కంపెనీ కిందికి వస్తుంది. అంతమాత్రాన అక్కడికెళ్తే పార్టులిస్తారని అనుకోవద్దు. అవి సైన్యం కోసం పనిచేసే ఫ్యాక్టరీలు. కౌంటర్ పెట్టి స్పేర్లు అమ్మే షాపులు కావు.

వేలంలో చూడాల్సింది

ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఆన్‌లైన్ వేలాల్లో రక్షణ శాఖ సరుకు కూడా అమ్మకానికి వస్తుంటుంది. ముందు రిజిస్టర్ చేసుకుని, ధరావతు కట్టి పాటలో పాల్గొనాలి. సరుకు 'ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా' అన్న షరతు మీద అమ్ముతారు. తర్వాత సెల్ఫ్ లేదు, డైనమో లేదు, పంపు లేదు అని వాదించి లాభం లేదు. అందుకే తనిఖీకి ఇచ్చిన రోజున మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లి, ఏమున్నాయో ఏం లేవో కాగితం మీద రాసుకోవాలి.

పాట ధర మీద జీఎస్టీ, వర్తించే చోట టీసీఎస్ అదనం. టీసీఎస్ మీ పాన్ కింద నమోదవుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ పని చేయక ఆ డబ్బు వదిలేసుకునేవాళ్లు ఉన్నారు. గడువులోగా సరుకు ఎత్తకపోతే స్థలం అద్దె కూడా పడొచ్చు. వేలం షరతుల కాగితం చివరి పేజీ దాకా చదవండి.

కాగితాలు లేకపోతే అది ఇనుమే

లాట్ వివరాల్లో ముందు చూడాల్సింది ఒక్కటే: బండిగా అమ్ముతున్నారా, స్క్రాప్‌గా అమ్ముతున్నారా? స్క్రాప్‌గా కొన్నదాన్ని రోడ్డెక్కించే ఆశ పెట్టుకోవద్దు. విప్పి పార్టులుగా వాడుకోవడానికే అది పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్‌కి ఫారం 20తో పాటు, ఆర్మీ బండ్ల విషయంలో సంబంధిత అధికారులు ఇచ్చిన అసలు సేల్ సర్టిఫికెట్ కావాలి. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. వేరే వ్యక్తి దగ్గర కొంటున్నా సరే ఆ అసలు కాగితం అడగండి. జిరాక్స్ చూపించి అడ్వాన్సు తీసుకుంటామంటే అక్కడే ఆగిపోండి.

ఇంకో మూడు విషయాలు:

- ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ఇదే చెప్తుంది. కొన్న బండికి రంగు మార్చాల్సిందే.
- ఇంజిన్ మార్చాలన్నా, బాడీ తీసి ట్యాంకరు పెట్టాలన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి.
- రవాణా బండికి ఫిట్‌నెస్ తప్పనిసరి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా చేయించాలి. మిలిటరీ వాడి తీసేసినవి దాదాపు అన్నీ ఈ వయసు దాటినవే.

ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ ముందు అడిగేది ఈ కాగితాలే. అవి సరిగ్గా లేకపోతే నష్టపరిహారం భారం యజమాని కుటుంబం మీదే పడే ప్రమాదం ఉంది.

పార్టులను మూడు కుప్పలు చేయండి

మిలిటరీ బండి అనగానే అన్నీ ప్రత్యేకమైన సామాన్లే అనుకుంటాం. నిజానికి చాలా వస్తువులు ఎక్కడైనా దొరికేవే.

మొదటి కుప్ప, బజారు సామాను: బేరింగులు, ఆయిల్ సీళ్లు, బెల్టులు, హోసులు, బల్బులు, బ్యాటరీ, ఫిల్టర్లలో కొన్ని. వీటికి బండి పేరుతో పని లేదు. కొలత, నంబరు చాలు.

రెండో కుప్ప, చేయించుకోదగ్గవి: బుష్‌లు, కమాన్ కట్టల పిన్నులు, గాస్కెట్లు, సైలెన్సర్, రేడియేటర్ కోర్, బాడీ రేకు. లేత్ పని తెలిసిన మంచి ఉస్తాద్, కమాన్ కట్టల షాపు, రేడియేటర్ మిస్త్రీ ఉంటే ఇవి సమస్య కాదు.

మూడో కుప్ప, బండితోనే వచ్చేవి: ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు, ముందు యాక్సిల్ జాయింట్లు, క్రౌన్ పినియన్, సిలిండర్ హెడ్, క్రాంక్. గేరు చేయించుకోవచ్చు గానీ కోత ఒక్కటే సరిపోదు, సరైన స్టీలుకి సరైన గట్టిదనం పట్టించాలి. అది లేని గేరు చూడ్డానికి కొత్తగా ఉన్నా కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది.

బండి కొనాలా వద్దా అన్నది ఈ మూడో కుప్పే తేల్చాలి. ఇంజిన్ బిగుసుకుపోయినా ఫర్వాలేదు, ట్రాన్స్‌ఫర్ కేసు బాగుంటే చాలు అనుకునే సందర్భాలు ఉంటాయి. ఒకే మోడల్ రెండు కొని, ఒకటి నడిపి, రెండోది పార్టులకి పెట్టుకునే పద్ధతి అందుకే వచ్చింది. పాటకి వెళ్లేటప్పుడే రెండో బండి ఖర్చు కూడా లెక్కలో వేసుకోవడం మంచిది.

నంబరు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే

బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6308 అని ఉంటే, చివరి రెండు అంకెలను (08) ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. బయట 90, మందం 23. అలాగే 6205 అంటే 25, 52, 15. చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు.

ఆయిల్ సీలు మీద 40-62-10 లాంటి అంకెలుంటాయి. లోపలి కొలత, బయటి కొలత, మందం. చెరిగిపోయి ఉంటే వెర్నియర్‌తో షాఫ్టునూ హౌసింగునూ కొలవండి. పాత సీలును కొలిస్తే తప్పు వస్తుంది, అది సాగి ఉంటుంది.

మాన్, నిస్సాన్ డిజైన్లలో మరలు మిల్లీమీటర్ కొలతవి. పాత విల్లీస్ జీపులవి అంగుళం కొలతవి. దగ్గరగా కనిపిస్తున్నాయని ఒకదాని బోల్టు ఇంకోదాంట్లో తిప్పితే మర పోతుంది. బోల్టు తల మీద 8.8, 10.9 అని ఉండేది దాని బలం. చక్రం, స్టీరింగ్, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర 10.9 ఉన్న చోట మామూలు బోల్టు పెట్టొద్దు.

ఏ పార్టు విప్పినా ముందు ఫోన్‌లో రెండు ఫొటోలు తీయండి: బిగించి ఉన్నప్పుడు ఒకటి, నంబరు కనిపించేలా ఇంకొకటి. పాత పార్టును కొత్తది వచ్చేదాకా పారేయొద్దు. నమూనా చేతిలో ఉంటే దొరికే పార్టు, మాటలతో వర్ణిస్తే దొరకదు.

ఎక్కడ వెతకాలి?

బేరింగులు, బెల్టులు, సీళ్లు, హార్డ్‌వేర్‌కి సికింద్రాబాద్ రాణిగంజ్ ఉంది. లేత్, గేరుబాక్సు, బాడీ, కమాన్ కట్టల పనికి విజయవాడ ఆటోనగర్‌లో ఒకే చోట అందరూ దొరుకుతారు. విప్పిన పాత సామానుకి చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, కొత్త స్పేర్ల హోల్‌సేల్‌కి ఢిల్లీ కశ్మీరీ గేట్ పేరున్నవి. జీపుల వైపు సామానైతే హర్యానాలోని మండీ డబ్వాలీ దేశమంతా తెలిసిన ఊరు. శక్తిమాన్ సామాను కోసం పుట్టిన ఊరు జబల్‌పూర్‌నీ, కొండదారుల్లో కలప మోయడానికి ఈ బండ్లు వాడిన ఈశాన్య రాష్ట్రాలనీ అడిగి చూడాలి.

దూరం ఊరి నుంచి తెప్పిస్తే కొలత పెట్టిన ఫొటో తెప్పించుకున్నాకే డబ్బు పంపండి. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్, గేరుబాక్సు అయితే నంబరు రాసిన బిల్లు తీసుకోవాలి. దొంగ బండి ఇంజిన్ మీ షెడ్డులో దొరికితే, తెలియక కొన్నామని రుజువు చేసుకోవడానికి మీ చేతిలో ఉండేది ఆ బిల్లే.

బండి ఇంటికొచ్చాక మొదటి పనులు

ఏళ్ల తరబడి నిలిచిన ఇంజిన్‌ని వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. నాజిళ్లు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి ఒక రోజు ఉంచాలి. తర్వాత చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు. పాత డీజిల్ వంపేసి ట్యాంకు కడగాలి. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు హౌసింగుల ఆయిల్ వంపండి. పాలలా తెల్లగా వస్తే లోపలికి నీళ్లు చేరినట్టే.

బ్రేకులో రబ్బరు ఉన్న ప్రతిదీ మార్చాలి. తక్కువ కిలోమీటర్లు తిరిగిందన్న మాటకి ఇక్కడ విలువ లేదు. రబ్బరు వాడకపోయినా పాడవుతుంది. హైడ్రాలిక్ బ్రేకు ఉంటే డబ్బా మూత మీద రాసిన రకం ఫ్లూయిడే పోయాలి. ఇంజిన్ ఆయిల్ చుక్క కలిసినా సీళ్లు ఉబ్బిపోతాయి.

కరెంటు చాలా మిలిటరీ ట్రక్కుల్లో 24 వోల్టులు, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. టేపు రికార్డరుకోసం ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగితే ఆ బ్యాటరీ ముందే చస్తుంది. కన్వర్టర్ పెట్టుకోండి.

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ముందు వెనక టైర్ల సైజు ఒకటే ఉండాలి. పార్ట్ టైమ్ 4×4 బండిలో ముందు యాక్సిల్ కలిపి తారు రోడ్డు మీద నడపొద్దు. బురదలో, ఇసుకలో మాత్రమే కలపాలి. లేదంటే మూడో కుప్పలోని ఖరీదైన గేర్లే ముందు దెబ్బతింటాయి.

ప్రాణాలు తీసే నాలుగు పొరపాట్లు

రిమ్ము రింగు: పాత ట్రక్కు రిమ్ములు ముక్కలుగా ఉంటాయి, లాక్ రింగు టైరును పట్టి ఉంచుతుంది. గాలి ఉండగా అది ఊడితే మనిషిని చంపేంత బలంతో ఎగురుతుంది. విప్పే ముందు వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. గాలి కొట్టేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టి పక్కకి నిలబడాలి.

బ్రేకు దుమ్ము: పాత లైనింగుల్లో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. డ్రమ్ములోకి గాలి కొట్టి దుమ్ము లేపొద్దు. తడిగుడ్డతో తుడవాలి. షాపులో పిల్లల్ని ఆ పనికి పెట్టొద్దు.

స్టీరింగ్ వెల్డింగు: పగిలిన స్టీరింగ్ ఆర్ము, డ్రాగ్ లింకుకి వెల్డింగు పెట్టి నడపొద్దు. మార్చాల్సిందే.

తెలియని వస్తువులు: వేలం లాట్‌లో ఏమిటో తెలియని సీల్ చేసిన వస్తువు ఏదొచ్చినా కోయొద్దు, కొట్టొద్దు, ముట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి. 2010లో మాయాపురిలో ఒక యూనివర్సిటీ వేలంలో అమ్మిన పాత యంత్రాన్ని స్క్రాప్ కార్మికులు విప్పితే అందులోని కోబాల్ట్-60 రేడియేషన్ సోకి ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు.

చివరి లెక్క

పాట ధర, పన్నులు, ట్రైలర్ మీద ఇంటికి తెచ్చే ఖర్చు, రిజిస్ట్రేషన్, రంగు, టైర్లు, బ్యాటరీలు, బ్రేకు పూర్తి పని, మూడో కుప్ప కోసం పక్కన పెట్టే డబ్బు, బండి కదలని నెలల్లో ఇంటి ఖర్చు. ఈ పది గీతలు ఒక కాగితం మీద రాసి కూడండి. అదే పని చేసే సెకండ్‌హ్యాండ్ టాటా, లేలాండ్ లారీ ధర పక్కన పెట్టి చూడండి. బురదలో, కొండ మీద, నాలుగు చక్రాల లాగుడు నిజంగా కావాల్సిన పని అయితే మిలిటరీ ట్రక్కు నిలబడుతుంది. ఊళ్లో రోడ్డు మీద నీళ్లు తోలడానికైతే మామూలు లారీయే మేలు. దాని గేరు పక్క ఊళ్లోనే దొరుకుతుంది.