తెలుగు చలనచిత్రగీతము - డిస్కో లయ

డిస్కో వచ్చి తెలుగుపాటలో మాటను మ్రింగివేసినదను మాట తరచు వినవచ్చుచుండును. లయను, బాణీని, సాహిత్యమును విడివిడిగా పరీక్షింపక చేసిన నిర్ణయ మిది యని మా యభిప్రాయము.

డిస్కో 1970 దశకమున అమెరికా నగరములలోని నృత్యశాలలందు ప్రబలిన సంగీతము. ఆవర్తమునకు నాలుగు దెబ్బలు. నాలుగును పెద్దడోలుపై సమబలముతో పడును. ఈ లయ పాటకు వెలుపలినుండి తొడుగదగినదనుటకు బ్లాండీ యను న్యూయార్కు రాక్ బృందమే నిదర్శనము. 1975లో వేరొక నడకలో నమూనాగా ముద్రించిన పాటనే వారు 1978లో నిర్మాత మైక్ చాప్మన్ తోడ్పాటుతో డిస్కో లయకు మార్చి 'హార్ట్ ఆఫ్ గ్లాస్' అను పేర వెలువరించిరి. 1979లో అది అమెరికా, బ్రిటన్ దేశములలో ప్రథమస్థాన మందెను. రాక్ అభిమానులు కొందరు దానిని స్వధర్మత్యాగముగా నెంచిరి. ఆ సంవత్సరమే జూలై 12న షికాగో క్రీడాంగణమున డిస్కో రికార్డులను ప్రేల్చివైచిరి. కావున డిస్కోపై నింద తెలుగునాట పుట్టినది కాదు.

1982లో బప్పీ లాహిరి సంగీతముతో వచ్చిన హిందీచిత్రము 'డిస్కో డాన్సర్'. దానిని 1984లో 'డిస్కో కింగ్' అను పేర తెలుగు చేసిరి. సంగీతము చక్రవర్తిది. మరుసటి యేడు 'దొంగ' చిత్రములోని 'గోలీమార్' పాటకును ఆయనయే బాణీ కూర్చెను. దాని నృత్యము మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' దృశ్యమును అనుసరించినది. ఈ చక్రవర్తి అసలుపేరు కొమ్మినేని అప్పారావు. 1936లో గుంటూరు మండలము పొన్నెకల్లున జన్మించెను.

ఇక ఛందస్సు. డిస్కో ఆవర్తమునందలి ప్రతి దెబ్బను నాలుగుగా విభజించినచో పదునారు కాలాంశము లగును. మన మధురగతి రగడ పాదమునకు నాలుగు చతుర్మాత్రాగణములు, అనగా పదునారు మాత్రలే. మూడవ గణాద్యక్షరము యతిస్థానము. అది సరిగా మూడవ దెబ్బపై పడును. చతురశ్రగతి తెలుగునకు క్రొత్త కాదు. కనుక ఈ లయ తెలుగుమాటకు స్వభావవిరుద్ధమనుట నిలువదు. భేద మొక్కటి మాత్రము కలదు: రగడలో గణమును చదువరి గొంతు నడపును, డిస్కోలో డోలు నడపును.

అయినను మాట నలిగినదను ఆక్షేపము నిరాధారము కాదు. బాణీ ముందు కట్టి మాటను పిదప అమర్చు పద్ధతియే అందులకు ముఖ్యకారణము. ఆ పద్ధతి డిస్కోకన్న పూర్వమే చిత్రసీమలో నెలకొనియున్నది. విలంబగీతములలోను అది మాటను నలిపినది. దోషము పద్ధతిది, నింద లయపై బడినది.

పొన్నెకల్లు మరియొక కళాకారునికిని జన్మస్థానము. బుర్రకథకు పర్యాయపదమైన షేక్ నాజర్ 1920లో అచ్చటనే పుట్టెను. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. పింజారి యనగా దూది యేకువాడు. ప్రత్తి పండు నల్లరేగడిసీమకు తగిన పేరు. నాజర్ ప్రభావము చక్రవర్తిపై గలదని మేము చెప్పము. ఒకే యూరివారగుట ప్రమాణము కాజాలదు. మేము పోల్చునది ఆ కళలు పొందిన ఆదరమును. జంగములు భిక్షకై చెప్పిన కథనుండి వచ్చిన బుర్రకథ ప్రజానాట్యమండలి వేదికలెక్కి, 1986లో నాజర్‌కు పద్మశ్రీ తెచ్చెను; నేడు పరిశోధనకు ఆదరణీయ విషయము. చక్రవర్తి 2002లో మరణించెను. ఆయన పాటలు జనుల నోళ్లలో నిలిచినను, మన విభాగములలో వాని లయను మాత్రలు లెక్కించి పరిశీలించినవారు అరుదు.

ఒక పాటను హీనమనుటకు ముందు దాని గణములను విభజించి చూపుట విమర్శకుని విధి. పరిశోధకులు ముందు ఈ గీతములను లయానుసారముగా వర్గీకరించి, ఏ పాటలో యతి దెబ్బపై నిలిచినదో, ఏ పాటలో పదము తెగినదో పట్టిక వ్రాయవలెను. గుణదోషనిర్ణయము ఆ పిమ్మట చేయదగినది.