కళాపూర్ణుని జననము: ఒక చిక్కుముడి



కావ్యశ్రవణమునకు కూర్చున్నవారు ఒకానొక ఘట్టమువద్ద ఒకరి మొగ మొకరు చూచుకొనుట కలదు. కథ తెలియుచునే యుండును, పద్యము వినసొంపుగనే యుండును, కాని “ఇదియేమి వింత? దీని తాత్పర్యమేమి?” యను సందేహము మాత్రము తీరదు. అట్టి వింతలలో తలమానిక మనదగినది పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమున నున్నది. పురుషుడు స్త్రీయై బిడ్డను గనుట, స్త్రీ పురుషుడై యా బిడ్డకు తండ్రి యగుట! నేడు మనము విప్పవలసిన చిక్కుముడి యిదియే.

సూరన 16వ శతాబ్దివాడు. నంద్యాల కృష్ణభూపతికి ఈ కావ్యము నంకితమిచ్చెను. ఆ కాలపు కవులు పురాణములనుండి కథ గైకొని వర్ణనలచే పెంచుట వాడుక. సూరన యట్లు చేయక, 8 ఆశ్వాసముల కథను తానే కల్పించెను. ద్వారకలోని కలభాషిణి యను వేశ్యాకన్య, నారదుని శిష్యుడగు మణికంధరుడు, రంభానలకూబరులు, సింహవాహనుడగు సిద్ధుడు, మాఱురూపములు, పునర్జన్మములు కలసి ఈ కథ యొక అద్భుత లోకమై నడచును. అందుచేతనే దీనిని పద్యరూపమున నున్న నవల యని పలువు రందురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువరించిన కవిత్వతత్త్వ విచారమున ఈ గ్రంథమునే విమర్శకు గైకొనిరి. 2002లో వెల్చేరు నారాయణరావుగారును, డేవిడ్ షుల్మన్‌గారును దీనిని ఆంగ్లమున వెలయించిరి.

ఇక ఘట్టమునకు వత్తము. మణిస్తంభుడను సిద్ధుడును, సుముఖాసత్తి యను స్త్రీయును దంపతులు. వారిలో భర్త స్త్రీగను, భార్య పురుషుడుగను మాఱిరి. వారికి పుట్టినవాడే కళాపూర్ణుడు. పుట్టినప్పుడు స్వభావుడను సిద్ధుడు వానికి వింటిని, అమ్ములను ఒసగెను. పెరిగి రాజైన పిమ్మట వాడు మదాశయు డను రాజును, ధీరభావు డను వాని మంత్రిని లోబఱచుకొనెను. మదాశయునకును, రూపానుభూతి యను రాణికిని మధురలాలస యను కూతురు పుట్టెను.

ఇంతవఱకు విన్నవారు ఇది హద్దు లేని కల్పన యని త్రోసివేయుదురు. కాని కవి తాళము వేసి చెవిని పాఱవేసినవాడు కాడు. ఆ చెవిని ఒక పసిబిడ్డ నోట నుంచెను. సభలో మణిహారము మెడ బడినంతనే ఉయ్యాలలోని మధురలాలస మాటలాడ నారంభించెను. పూర్వజన్మమున తాను కలభాషిణి నని చెప్పి, కళాపూర్ణుని యెదుటనే వాని పుట్టుకయొక్క మూలమును బయటపెట్టెను.

ఆ మూల మేమి? ఒకప్పుడు బ్రహ్మయు సరస్వతియు ఏకాంతమున నుండిరి. ప్రణయకోపమున సరస్వతి మొగము త్రిప్పుకొనగా, ఆ మొగము చెంతనున్న మణిస్తంభమున ప్రతిఫలించెను. ఆ సొగసును, అది తన హృదయమునకు చేసిన పనిని బ్రహ్మ యొక కథగా నల్లి చెప్పెను. కథలోని పేరులన్నియు ఆనాటి ముచ్చటలోని వస్తువులే. సుముఖాసత్తి యనగా అందమైన మొగముయొక్క సామీప్యము. మణిస్తంభ మనగా రత్నపు కంబము. మొగము చేరువ కాగా కంబమున నీడ పుట్టెను. ఆ నీడయే కళాపూర్ణుడు, అనగా కళలన్నియు నిండిన చంద్రుడు. విల్లు కనుబొమలు, అమ్ములు చూపులు. అవి మొగమునకు స్వభావముచేతనే అబ్బినవి. మదాశయ మనగా “నా మనస్సు” అని బ్రహ్మ మాట. ఆ మనస్సు ధైర్యమనెడి మంత్రితోగూడ ఆ మొగమునకు లొంగెను. మనస్సు రూపము ననుభవింపగా పుట్టిన కోరికయే మధురలాలస.

ఇప్పుడు స్త్రీపురుషుల తారుమారు కూడ తేటపడును. నీడకు ఆకృతి నిచ్చునది మొగముయొక్క సామీప్యము గనుక అది తండ్రి వంటిది. ఆ నీడను తనలో ధరించునది కంబము గనుక అది తల్లి వంటిది. కాని సంస్కృతమున ఆసత్తి శబ్దము స్త్రీలింగము, స్తంభ శబ్దము పుంలింగము. శబ్దము ఒక త్రోవ, పని మఱియొక త్రోవ. బ్రహ్మ వాక్కు అనృతము కారాదు. కావున ఆ మాటలు మనుష్యులై భూమిపై పుట్టినప్పుడు, వ్యాకరణములోని ఆ విరోధము వారి శరీరములలో తీరవలసివచ్చెను. మనము అసభ్యమనియో అసంబద్ధమనియో తలచినది నిజమునకు లింగభేదమునకు కవి చెప్పిన సమాధానము.

గుణములకు మనుష్యరూప మిచ్చుట సూరనతో మొదలైనది కాదు. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయమున వివేకుడు, మోహుడు మున్నగువారు పాత్రలే. దానిని నంది మల్లయ, ఘంట సింగయ 15వ శతాబ్దిననే తెనిగించిరి. అయితే అందు వివేకుడు తుదివఱకు వివేకమే. వాని పేరు వినగానే వాని పని తెలియును. సూరన పాత్రలు అట్లు కారు. వారు ముందు మనవలె ఆశపడుదురు, అసూయ చెందుదురు, మోసపోవుదురు. ఆ పిమ్మటనే వారు ఒక మాటనుండి పుట్టినవారని మనకు తెలియును. ఈ కవియే రాఘవపాండవీయమున ప్రతిపద్యమును రామకథకును భారతకథకును సరిపడ కూర్చినవాడు. అచ్చట రెండర్థములు పద్యమున కున్నవి. ఇచ్చట రెండర్థములు కథకే యున్నవి.

ఇందు మనకు ముఖ్యమైన దొకటి కలదు. చదివించువారు సిగ్గుచేతనో విసుగుచేతనో ఇట్టి ఘట్టమును దాటవేసినచో పోవునది నాలుగు పద్యములు మాత్రమే కాదు. గ్రంథము మొత్తమునకును గల అర్థము పోవును. మఱికొందఱు దాటవేయరు గాని తమకు తోచిన వేదాంతమును దానిపై మోపుదురు. అదియు తగదు. కవి తానే తాత్పర్యము చెప్పినచోట మన ఊహకు పని లేదు. ఓర్పుతో అచ్చటివఱకు చదువుటయే పని. పైమట్టిని చూచి లోన బొగ్గు లేదనువానిని మన కమాన్‌పూరు ప్రాంతమువారు నవ్వుదురు గదా!

మాటనుండి లోకము పుట్టునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. సూరన దానిని సిద్ధాంతముగా చెప్పక కథగా చేసి చూపెను. వాగ్దేవి మొగము కంబమున మెఱసినది క్షణకాలమే. కాని దానిని గూర్చి పలికిన పలుకు రాజ్యములను, వివాహములను, బిడ్డలను కల్పించెను. తుదకు మధురలాలస కళాపూర్ణుని చేపట్టుటతో ఆ కోరిక తన మూలమును చేరుకొనెను. ఇండ్లలో ఈ గ్రంథము దొరికినచో, పిల్లలచేత ఆ ఘట్టమును కూడ చదివింపుడు. వారు ప్రశ్నించినచో కోపింపక, పసిబిడ్డ చెప్పిన సమాధానమును వారికి చూపుడు.