డొంబ శబ్దము – రోమ జాతి చరిత్రము



ఇట్టి సంచికలయందు ఎవరి పూర్వచరిత్రమును వారు వ్రాసికొనుట పరిపాటి. మేమీమాఱు పరుల చరిత్రము నొకింత విన్నవింప సాహసించుచున్నాము.

ఐరోపా ఖండమున నుత్తరదిశయందలి స్వీడను దేశమున రోములను జాతివారు గలరు. వీరు స్టాక్‌హోము నగరమునకు వచ్చినట్లు 1512 సంవత్సరపు వ్రాతవలన దెలియుచున్నది. ఆ దేశీయులు వీరిని తాతారులని భ్రమపడిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర జర్మను పండితులు వీరి భాషను పరిశీలించి, వీరి మూలస్థానము భరతఖండమని నిర్ణయించిరి.

ఆ భాషలో నీరు 'పాని', ముక్కు 'నాక్', మనుష్యుడు 'మనుష్'. దుయ్, త్రిన్, పంజ్, దెష్ అను సంఖ్యలు మన ద్వి, త్రీణి, పంచ, దశ శబ్దములే. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రము గ్రీకు మాటలు. వారు నడచిన త్రోవను వారి నాలుకయే చెప్పుచున్నది.

'రోమ్' అను పేరు సంస్కృత 'డొంబ' శబ్దభవమని పండితులు పెక్కురు తలంచుచున్నారు. పశ్చిమాసియాలో వీరివంటివారు దోములు, ఆర్మీనియాలో లోములు. కల్హణుని రాజతరంగిణిలో రంగుడను డొంబగాయకుడు చక్రవర్మ కొలువున బాడిన కథ గలదు.

స్వీడనులో 1637 నాటి శాసనము వీరిని దేశమునుండి వెడలగొట్టుమనియు, చిక్కిన పురుషులను విచారణలేక చంపవచ్చుననియు విధించెను. 1914 మొదలు 1954 వఱకు ఆ దేశమున వీరికి ప్రవేశము నిషిద్ధము. 2000 సంవత్సరమునగాని జాతీయ అల్పసంఖ్యాకులుగా గుర్తింపు గలుగలేదు. మన దేశమునను సంచారజాతులను పెక్కింటిని పుట్టుకతోనే నేరస్థులుగా నెంచు శాసనము 1871లో బుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించి, 1952లో దేశమంతట రద్దయ్యెను.

డొంబులు మనకు దూరపువారు కారు. పూర్వపు విశాఖపట్టణ మండలపు మన్యమున నేత నేసి, పెండ్లిండ్లకు వాద్యములు మ్రోయించినవారు వీరే. షెడ్యూల్డు కులముల పట్టికలో 'డోమ్, డొంబర, పైడి, పానో' అను పేర్లొక్కచోటనే యున్నవి. పేరొక్కటి యగుటచే వంశమొక్కటియని మేమనము. పేరునకు దగిలిన నింద మాత్ర మొక్కటియే.

మేము సాలూరు ప్రాంతమున నుపాధ్యాయులుగా నుండగా, ఒక డొంబు బాలుడు తన కులనామమున కర్థమేమని యడిగెను. నిఘంటువునందున్నట్లు 'హీనజాతి విశేషము' అని చెప్పితిమి. బాలుడు తలవంచుకొని కూర్చుండెను. మఱునాటినుండి ప్రశ్నలడుగుట మానెను. ఆతని పేరు ఖండాంతరములు దాటినదనియు, రాజసభల మెఱసినదనియు నాడు చెప్పవలసియుండెను. మాకు సంస్కృతము వచ్చును గాని యా మాట తోచలేదు.

సముద్రములకావల మన మాటలు వినబడుచున్నవని గర్వించువారు, ఊరి చివర నా పేరుతోనే బ్రతుకువారిని గౌరవముతో బిలువవలదా? మీ యింటి బాలురెవరైన నట్టి ప్రశ్న యడిగినచో, మావలె నుత్తరమీయకుడని ప్రార్థించుచున్నాము.