కాందిశీకుల జట్టులో మనవాళ్లు

గోదావరిఖనిలో నేను పాఠం చెప్పే తరగతిలో సగంమంది గని కార్మికుల పిల్లలు. ఓపెన్‌కాస్టు గనుల కింద ఊరు పోగొట్టుకున్న కుటుంబాలవారు కూడా కొందరున్నారు. ఒకనాడు నిర్వాసితుల సాహిత్యాన్ని గురించి మాట్లాడుతూ, మాటవరసకు పాలస్తీనా శరణార్థుల ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి చెప్పాను. వెనుక బెంచీనుంచి ఒక కుర్రవాడు లేచి, "సార్, ఊరు పోయినోళ్లకు బంతి ఇస్తే సరిపోతదా?" అని అడిగాడు. తరగతి నవ్వింది. అతడు నవ్వలేదు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న సమాధానం.

1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనా ప్రజలు ఇళ్లూ పొలాలూ వదలి పోవలసి వచ్చింది. వారిలో కొందరికి 1955లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక శిబిరం వెలసింది. అర చదరపు కిలోమీటరు కూడా లేని స్థలంలో, మొదట ఐదువేలమందికి ఆశ్రయం. ఆ శిబిరాన్ని జనం 'వహ్దాత్' అన్నారు. అరబ్బీలో ఆ మాటకు 'యూనిట్లు' అని అర్థం. అంటే వరుసగా కట్టిన గృహభాగాలు. ఇన్‌క్లైన్ నంబరే కాలనీ పేరై, ఎనిమిదో ఇన్‌క్లైన్ కాలనీ అని చిరునామా రాసుకునే మనకు ఈ పేరు వింతగా తోచదు. పుట్టినూరికి పేరు పెట్టింది పూర్వీకులు. ఈ పేర్లు పెట్టింది లెక్కల పుస్తకం.

1956లో ఆ శిబిరంలో క్లబ్బు పుట్టింది. 1970 సెప్టెంబరులో జోర్డాన్ సైన్యానికీ పాలస్తీనా గెరిల్లాలకూ జరిగిన పోరులో వహ్దాత్ శిబిరంపై ఫిరంగులు పేలినవి. ఆ తర్వాత అక్కడ రాజకీయ సంస్థల తలుపులు మూతపడినవి. వీధిలో పలకరాని పేరును వేలమంది కలిసి బిగ్గరగా పలకగల చోటు క్రీడారంగం ఒక్కటే మిగిలింది. 1980లో వహ్దాత్ మొదటిసారి జోర్డాన్ లీగు గెలిచింది. లెక్కల పుస్తకం పెట్టిన పేరును శిబిరం ప్రజలు తమ జెండాగా మార్చుకున్నారు. ఇది చిన్న విషయం కాదు.

ఇటువంటి చరిత్ర మనకు దూరమైనదేమీ కాదు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు వుంది. మన తెలుగు ప్రాంతాల యువకులు ఆ జట్టుకు ఆడి ఆ కాందిశీకులకు ఆత్మీయులయ్యారు. మన క్రీడాచరిత్రలో ఈ అధ్యాయం మీద పడవలసినంత వెలుగు పడలేదు.

క్లబ్బు మూలాలను గురించి భ్రమలు అక్కరలేదు. 1920 ఆగస్టు 1న దానిని స్థాపించినవారు కాందిశీకులు కారు. తూర్పు జిల్లాల సంపన్నులు. జోడాబగాన్ క్లబ్బు మోహన్ బగాన్‌తో ఆడిన ఆటలో తూర్పు బెంగాల్ వాడైన శైలేశ్ బోసును తప్పించడంతో, సురేశ్‌చంద్ర చౌధురి కోపించి, మిత్రులతో కలిసి వేరు కుంపటి పెట్టాడు. భూస్వామ్య వర్గపు పౌరుషం దాని పుట్టుకకు కారణం. కాని సంస్థలు పుట్టించినవారి చేతుల్లోనే వుండిపోవు. 1947లో దేశవిభజన జరిగింది. లక్షలాది జనం సరిహద్దు దాటి కలకత్తా చేరారు. స్టేషను ప్లాట్‌ఫారాల మీద పడుకున్నారు. ఖాళీ స్థలాలు ఆక్రమించి జాదవ్‌పూర్ చుట్టుపట్ల కాలనీలు కట్టుకున్నారు. వారి యాసను స్థానికులు ఎగతాళి చేశారు. 'బాంగాల్' అనేది వారి పాలిట తిట్టు. అటువంటి వారికి జమీందారుల క్లబ్బు తమ క్లబ్బు అయింది. తిట్టు బిరుదయింది. ఆ జట్టు గెలిచిన సాయంత్రం కలకత్తా బజారులో ఇలీశ చేపకు గిరాకీ పెరిగేది. ఇలీశ అంటే మరేదో కాదు, మన గోదావరి పులసే.

1949 నుంచి 1951 వరకు ఈ క్లబ్బు వరుసగా మూడుసార్లు ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచింది. గెలిపించిన ఐదుగురు ముందువరుస ఆటగాళ్లను 'పంచపాండవులు' అన్నారు. వారు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాదివారు. అప్పారావు తెలుగువాడు. వీరిలో ఒక్కరూ తూర్పు బెంగాల్ మట్టిలో పుట్టలేదు. 1953లో బుఖారెస్టులో జరిగిన ప్రపంచ యువజనోత్సవానికీ, అక్కడినుంచి సోవియట్ యూనియన్‌కూ ఈ జట్టు వెళ్లింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. 1950లో తూర్పు పాకిస్తాన్‌లోనూ పశ్చిమ బెంగాల్‌లోనూ మత కల్లోలాలు చెలరేగినవి. హిందువులన్న కారణంగా ఊరు పోగొట్టుకున్న జనం, అదే కాలంలో అహ్మద్ ఖాన్‌కూ సాలేకూ జేజేలు పలికారు. ఆ తర్వాత సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం వచ్చాడు. 1961లో నాయకుడై లీగునూ షీల్డునూ సాధించాడు. 1950 నుంచి 54 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబు శిష్యుడతడు. 1966లో హైదరాబాద్ నుంచి మహమ్మద్ హబీబ్ వచ్చి 'బడేమియా' అయ్యాడు. సయ్యద్ నయీముద్దీన్ ఆటగాడుగానూ, తర్వాత శిక్షకుడుగానూ పేరు పొందాడు. పుట్టుకను బట్టి కాక, తమ పక్షాన చెమటోడ్చిన దాన్ని బట్టి 'మనవాడు' ఎవరో ఆ జనం నిర్ణయించుకున్నారు. మతోన్మాదానికి ఇంతకంటె సూటి సమాధానం ఉపన్యాసాలలో కూడా అరుదు.

అయితే ఈ పొగడ్తతో ఆగిపోతే మనం విమర్శకులం కాము, అభిమానులమవుతాము. అందరు కాందిశీకులకూ మైదానం దక్కలేదు. 1958లో దండకారణ్య పథకం వచ్చింది. నిమ్నకులాల పేద రైతులను బస్తరుకూ కోరాపుట్‌కూ తరలించారు. మన కాగజ్‌నగర్ పరిసరాలలో కూడా బెంగాలీ కాందిశీకుల పల్లెలున్నవి. దండకారణ్యం నుంచి తిరిగి వెళ్లి సుందరవనాలలోని మరిచ్‌ఝాపి దీవిలో స్థిరపడినవారిని 1979లో ప్రభుత్వం దిగ్బంధించి, కాల్పులు జరిపి, మే నెలలో బలవంతంగా ఖాళీ చేయించింది. ఆ ప్రభుత్వం మనవారిదే. కాందిశీకుల ఉద్యమాల భుజాల మీద ఎదిగిన వామపక్షానిదే. ఈ మాట రాయడానికి చేయి బరువెక్కుతుంది. రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. షీల్డులు గెలిచిన క్లబ్బు వారికి ఒక ఎకరం ఇప్పించలేకపోయింది.

క్లబ్బుల మధ్య వైరం ప్రాణాలు కూడా తీసింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆడుతుండగా జరిగిన గొడవలో పదహారుమంది ప్రేక్షకులు చనిపోయారు. 2010 డిసెంబరులో అమ్మాన్‌లో వహ్దాత్, ఫైసలీ జట్ల ఆట ముగిశాక రెండువందలమందికి పైగా గాయపడ్డారు. పేదవాడు పేదవాడితో తలపడితే, ఇద్దరి ఊళ్లనూ మింగినవాడు దూరాన క్షేమంగా వుంటాడు.

కాబట్టి ఆట మత్తుమందేనా? అంత తేలికగా తీర్పు చెప్పలేం. 2020 జనవరిలో పౌరసత్వ పత్రాల వివాదం రగులుతున్నప్పుడు, ఈస్ట్ బెంగాల్ అభిమానులు మైదానంలోనే పెద్ద బ్యానరు కట్టి, ఈ నేల తమకు కాగితాలతో రాలేదని చాటారు. 2024 ఆగస్టు 18న, ఆర్.జి.కర్ ఆసుపత్రిలో హత్యాచారానికి గురైన యువ వైద్యురాలికి న్యాయం కోరుతూ, ఆట రద్దయినా, రెండు క్లబ్బుల అభిమానులూ కలిసి వీధికెక్కి లాఠీలు తిన్నారు. నూరేళ్ల వైరం ఆ సాయంత్రం పక్కకు తప్పుకుంది. గుమిగూడడం నేర్చిన జనానికి ఎందుకోసం గుమిగూడాలో తెలిసిన రోజు అది.

ఆ కుర్రవాడికి తర్వాత ఇదే చెప్పాను. బంతి సరిపోదు. భూమికి బదులు భూమి, పనికి బదులు పని కావాలి. వాటికోసం సంఘం కావాలి. కాని సంఘం కట్టాలంటే ముందు 'మనం' అనే మాట నోటికి రావాలి. వహ్దాత్ చేసింది ఆ పని. ఈస్ట్ బెంగాల్ చేసింది ఆ పని.

అతడు కాసేపు ఆలోచించి, "మా ఊరోళ్లు ఇప్పుడు ఆరు చోట్ల ఉన్నరు సార్. ఊరి పేరు మీద జట్టు కడితే అందరు వస్తరు కావచ్చు" అన్నాడు. నేను తల ఊపాను. వచ్చాక ఏం మాట్లాడుకోవాలో కూడా ఆలోచించుకోమన్నాను.