‘లాంగ్ బ్లాక్ వెయిల్’: ఒక కథాగేయము – సాక్ష్యమును గూర్చిన ప్రశ్న

ఉపోద్ఘాతము

గతకాలపు సంగతులను గ్రంథములే కాక పాటలు కూడ భద్రపరచును. అయితే పాట చెప్పినదంతయు చరిత్ర కాదు. ఈ రెండు విషయములను కలిపి ఆలోచించుటకు, 1959లో అమెరికాలోని నాష్‌విల్ పట్టణములో రికార్డు చేయబడిన ‘లాంగ్ బ్లాక్ వెయిల్’, అనగా ‘పొడవైన నల్లని ముసుగు’, అను కంట్రీ కథాగేయము మంచి ఉదాహరణ. దాని పుట్టుకను, కథను పరిశీలించి, అది సంఘ కాపరుల ముందుంచు ప్రశ్నను ఈ వ్యాసములో చర్చింతుము.

1. గేయ జననము

దీనిని రచించినవారు డానీ డిల్, మేరీజాన్ విల్కిన్ అను ఇద్దరు. మొదట పాడినవాడు టెక్సాస్‌కు చెందిన లెఫ్టీ ఫ్రిజెల్ (1928–1975). ఆ సంవత్సరమే ఇది బిల్‌బోర్డ్ కంట్రీ పాటల జాబితాలో 6వ స్థానమునకు చేరెను. డిల్ చెప్పిన దానిని బట్టి దీనికి మూడు ప్రేరణలున్నవి. మొదటిది, న్యూజెర్సీలో ఒక మతగురువు హత్య చేయబడగా హంతకుడు దొరకలేదన్న పత్రికా వార్త. రెండవది, 1926లో మరణించిన సినీనటుడు రుడాల్ఫ్ వాలెంటినో సమాధి యొద్దకు ముసుగు ధరించి వచ్చిన స్త్రీని గూర్చిన కథనములు. మూడవది, రెడ్ ఫోలీ పాడిన ఒక భక్తిగీతము. వినువారికి పాత జానపద గేయమువలె తోచు పాటను వ్రాయవలెనన్నది డిల్ ఉద్దేశము.

ఆ ఉద్దేశము నెరవేరుటకు కారణమున్నది. ఇంగ్లండు, స్కాట్లండుల నుండి వలస వచ్చినవారు తమ కథాగేయములను అపలేచియన్ కొండ ప్రాంతములకు తెచ్చుకొనిరి. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అను పండితుడు అట్టి గేయములను 305 రకములుగా సేకరించి 1882 నుండి 1898 వరకు ప్రకటించెను. వాటిలో సమాధి నుండి మృతుడు మాటలాడు గేయము కూడ ఉన్నది. ‘లాంగ్ బ్లాక్ వెయిల్’ ఆ పాత సంప్రదాయములోనే నిలిచినది.

2. కథ

పట్టణ సభాభవనపు దీపము క్రింద ఒక హత్య జరుగును. పారిపోయినవాడు ఫలానా వ్యక్తివలె ఉన్నాడని చూచిన కొద్దిమంది ఏకముగా చెప్పుదురు. ఆ రాత్రి ఎక్కడ ఉంటివని న్యాయాధిపతి అడుగగా నిందితుడు నోరు విప్పడు. ఏలయనగా అప్పుడు అతడు తన ప్రాణస్నేహితుని భార్యతో ఉన్నాడు. అతనికి మరణశిక్ష అమలగును. జనసమూహములో నిలిచిన ఆ స్త్రీ కన్నీరు కార్చదు. తరువాత రాత్రివేళ నల్లని ముసుగు ధరించి సమాధి యొద్దకు వచ్చి ఏడ్చును. ఈ కథ చెప్పువాడు చనిపోయిన ఆ మనుష్యుడే.

3. సాక్ష్యము, మౌనము

మరణశిక్షకు ఒక్కని సాక్ష్యము చాలదని ధర్మశాస్త్రము విధించెను (ద్వితీ. 17:6). ఈ కథలో సాక్షులు ఒకరికంటె ఎక్కువే. అయినను నిర్దోషి చనిపోయెను. నాబోతు విషయములోను ఇద్దరు సాక్షులుండిరి (1 రాజులు 21). అక్కడ సాక్షులు అబద్ధికులు, ఇక్కడ పొరబడినవారు. అందుచేతనే న్యాయాధిపతులు బాగుగా విచారింపవలెనని కూడ ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీ. 19:18). 1989 నుండి అమెరికాలో డి.ఎన్.ఏ. పరీక్షల వలన నిర్దోషులుగా తేలినవారి కేసులలో సగమునకు పైగా ప్రత్యక్ష సాక్షుల పొరపాటు గుర్తింపు ఒక కారణమైయున్నది. కనుక ఇది పాటకు పరిమితమైన సమస్య కాదు.

ఇక నిందితుని మౌనమును ప్రభువు మౌనముతో పోల్చవచ్చునా? కూడదని మా అభిప్రాయము. ప్రభువు మౌనము ఏ పాపమును దాచలేదు. ఒట్టు పెట్టి అడిగినప్పుడు ఆయన తానెవరో చెప్పెను (మత్తయి 26:63–64). ఇతని మౌనములో త్యాగమున్నదనుట నిజమే. కాని దాని వలన అసలు హంతకుడు తప్పించుకొనెను, స్నేహితుడు మోసములోనే మిగిలెను.

వినువారు తరచుగా విడిచిపెట్టు విషయము మరియొకటి ఉన్నది. అతడు నిర్దోషియని ఎరిగిన సాక్షి ఆ స్త్రీ. తెలిసియు సాక్ష్యమియ్యనివాడు తన దోషమును భరించునని లేవీ. 5:1 బోధించును. ఆమె ముసుగు దుఃఖమునకు గుర్తు మాత్రమే కాదు, చెప్పని సాక్ష్యపు భారమునకు కూడ గుర్తు. అయితే నింద ఆమెపైననే మోపుట న్యాయము కాదు. పాపమునందు ఇద్దరు పాలివారైనట్లే మౌనమునందును ఇద్దరు పాలివారు. పరువు పోవునను భయము ఒక నిండు ప్రాణమును బలిగొనెను.

ముగింపు

1968 జనవరి 13న జానీ క్యాష్ కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ చెరసాలలో ఖైదీల యెదుట ఈ పాటను పాడెను. తీర్పు పొందినవారే అక్కడ శ్రోతలు. మేరీజాన్ విల్కిన్ అనంతర కాలములో క్రిస్ క్రిస్టాఫర్సన్‌తో కలిసి ‘వన్ డే ఎట్ ఎ టైమ్’ అను ప్రార్థనాగీతమును రచించెను. 1980లో క్రిస్టీ లేన్ పాడగా అది కంట్రీ జాబితాలో మొదటి స్థానము పొందెను. మొదటి పాటలో సత్యము చెప్పువాడు సమాధిలో ఉన్నాడు; వినిన లోకము ఇక చేయగలిగినది లేదు. రెండవ పాటలో బ్రతికియున్న వ్యక్తి నేటి దినమునకు కావలసిన బలమును దేవుని అడుగుచున్నది. అతిక్రమములను ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందునను బోధ (సామెతలు 28:13) బ్రతికియున్నవారికే ఉపయోగపడును. తమ యొద్దకు రహస్య భారముతో వచ్చినవారికి ఆ సమయము దాటిపోక మునుపే సత్యము పలుకుటకు ధైర్యమిచ్చుట కాపరుల బాధ్యత.