ట్రామ్ మ్యూజియం: వస్తువును చారిత్రక ఆధారంగా చదవడం

రేణిగుంటలో ట్రాములు ఎన్నడూ నడవలేదు. అయినా ఇక్కడి విద్యార్థికి ట్రాముల చరిత్ర పరాయిది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు రేణిగుంట మద్రాసు రాష్ట్రంలోనిదే. చదువుకో, కోర్టు పనికో ఇక్కడ రైలెక్కి రాజధానికి వెళ్లినవారు అక్కడి వీధుల్లో ట్రాములను చూసినవారే.

మద్రాసు ట్రాములు

భారతదేశంలో తొలి విద్యుత్ ట్రాములు 1895 మే 7న మద్రాసులో మొదలయ్యాయి. లండన్‌లో క్రమబద్ధమైన విద్యుత్ ట్రామ్ సర్వీసు 1901లోగాని రాలేదు. మద్రాసులో మొదట పట్టాల మధ్య నేలలో అమర్చిన గాడి ద్వారా విద్యుత్తు అందించేవారు. వర్షాలకు ఆ గాడిలో నీరు చేరడంతో, తరువాత స్తంభాలకు కట్టిన తీగలను వాడారు. 1921 నాటికి సుమారు 24 కిలోమీటర్ల మార్గంలో 97 బండ్లు ఉండేవి. నడిపే కంపెనీ దివాలా తీయడంతో 1953 ఏప్రిల్ 12న అవి ఆగిపోయాయి. ఆరు నెలలు తిరగకుండానే రాష్ట్రం విడిపోయి, మద్రాసు నగరం కూడా తెలుగువారికి దక్కకుండా పోయింది.

కలకత్తాలోని 'స్మరణిక'

కలకత్తా ఎస్ప్లనేడ్‌లో 1938 నాటి ట్రామ్ బండినే 2014లో 'స్మరణిక' అనే మ్యూజియంగా మార్చారు. పాత టికెట్లు, పాసులు, కండక్టర్ల టోపీలు, బిళ్లలు అందులో ఉన్నాయి. మీరు అక్కడికి వెళితే వాటిని వింతవస్తువులుగా చూసి వదిలేయకండి. టికెట్టు మీద తరగతి ఎందుకుందని అడగండి. కలకత్తా ట్రాములో ముందు పెట్టె మొదటి తరగతిగా, వెనుక పెట్టె రెండవ తరగతిగా ఉండేవి. మొదటి తరగతిలో ఫ్యాన్లు ఉండేవి. 1953 జులైలో రెండవ తరగతి ఛార్జీని ఒక్క పైసా పెంచినందుకే నగరమంతా ఆందోళన చెలరేగింది. చివరికి పెంపును ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఈ సంగతి టికెట్టు ఒక్కటే చెప్పదు. దాన్ని నాటి వార్తాపత్రికలతో, ప్రభుత్వ పత్రాలతో కలిపి చదవాలి. అయితే టికెట్టే మిగలకపోతే ఆ ప్రశ్న మనకు తట్టేదే కాదు. ప్రభువుల శాసనాలు రాతి మీద నిలిచాయి. సామాన్యుడి ప్రయాణానికి మిగిలే సాక్ష్యం ఇలాంటి కాగితపు ముక్కే.

అభ్యాసం

మీ ఇంట్లో పెద్దలు దాచిన పాత రైలు అట్ట టికెట్టో, బస్సు పాసో ఉందేమో అడగండి. దాని తేదీ, ఛార్జీ, తరగతి, బయలుదేరిన ఊరు, చేరిన ఊరు నమోదు చేయండి. ఆ ప్రయాణం ఎందుకు చేశారో వారినే అడిగి పది వాక్యాలలో రాయండి. టికెట్టును మాత్రం పారేయనివ్వకండి.